వ్యాసాల దుకాణంలో చేసిన ఉద్యోగం

ఎగ్జిక్యూటివ్ ఎం.బి.ఏ. దరఖాస్తు వ్యాసాలు దిద్దే ఉద్యోగాల్లో చేరుతున్నామని, మెలకువలు చెప్పమని ఈ మధ్య కుర్రాళ్లు చోడవరం దాకా వచ్చి అడుగుతున్నారు. "నాలుగు మంచి మాటలు రాసివ్వండి మాస్టారూ" అంటారు. నా దగ్గర మంచి మాటలు తక్కువ. కోపం మాత్రం చాలా ఉంది. ఆ కోపానికి కారణాలున్నాయి కాబట్టి వాటినే రాసిస్తున్నాను. మెలకువలు కావాలంటే అందులోంచే ఏరుకోవాలి.

నేను అనకాపల్లి వైపు ఒక కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. తరవాత విశాఖపట్నంలో ఒక కన్సల్టెన్సీలో వ్యాసాలు చూసే పనికి కుదిరాను. పొద్దున్న చోడవరంలో బస్సెక్కి వెళ్లి, సాయంత్రం దిగేవాణ్ణి. కాలేజీలో చదువుకునే రోజుల నుంచీ డైరీ రాసే అలవాటుంది. ఆ రోజు ఎవరొచ్చారు, ఏమన్నారు అన్నది రాయనిదే పడుకోను. అందుకని ఇక్కడ పేర్లు మార్చాను గాని మాటలు మార్చలేదు.

ఈ చదువు గురించి తెలియనివాళ్లకి రెండు ముక్కలు. ఇది పదేళ్ల పైన ఉద్యోగం చేసినవాళ్ల కోసం పెట్టిన కోర్సు. ఉద్యోగం మానక్కర్లేదు, శనాదివారాల్లో క్లాసులుంటాయి. ఎప్పుడో చదివిన డిగ్రీ మార్కుల కంటే వ్యాసాలకే విలువ ఎక్కువ. ఎంత తిప్పి అడిగినా ప్రశ్నలు మూడే. ఈ చదువు నీకు ఇప్పుడే ఎందుకు? పదిమందిని వెంటబెట్టుకుని నువ్వు తీసుకున్న నిర్ణయం ఏది? ఎక్కడ దెబ్బ తిన్నావు, దాన్నుంచి ఏం తెలుసుకున్నావు? తరవాత ఇంటర్వ్యూ. అక్కడ నీ వ్యాసాలే ముందు పెట్టుకుని అడుగుతారు. చూడ్డానికి ఇంత తేలికైన వ్యవహారాన్ని మనవాళ్లు ఎంత భ్రష్టు పట్టించారో చెబుతాను.

సీటు ఎవరికి కావాలి?

రేవులో క్రేన్ల మరమ్మతు చూసే ఇంజనీరు ఒకతను వచ్చాడు. శ్రీనివాసు అందాం. చీడికాడ వైపు మనిషి, మాట నెమ్మది. అతని వ్యాసం "నేనొక సామాన్య మధ్యతరగతి కుటుంబంలో పుట్టితిని" అని మొదలైంది. రెండో పేరాలో వాళ్ల నాన్న నిజాయితీ. మూడో పేరాలో హైస్కూలు హెడ్మాస్టరు. నాలుగో పేరాకి ఉద్యోగంలో చేరాడు గాని, అక్కడినుంచి చివరిదాకా "మా గౌరవనీయ జనరల్ మేనేజరు గారి అమూల్యమైన మార్గదర్శకత్వంలో" అనే మాట తప్ప మరొకటి లేదు. చివర సెలవు చీటీకి పెట్టినట్టు "మీ విధేయుడు" అని సంతకం.

"శ్రీనివాసూ, ఇందులో క్రేన్ సంగతి చూసిందెవరు?" అనడిగాను.

"టీమండి."

"టీములో ఎవరు?"

"అందరూనండి. జి.ఎం. గారి గైడెన్సులో."

"జి.ఎం. గారు క్రేన్ ఎక్కేరా?"

"ఆయనకి మోకాళ్ల నొప్పులండి. ఆఫీసులోనే ఉన్నారు."

"మరెక్కిందెవరు?"

"నేనేనండి. అలాగని రాసేసుకుంటే బాగోదు కదండీ."

"అయితే సీటు ఆయనకే ఇమ్మని రాద్దాం. క్లాసులో కూర్చోవడమే కాబట్టి మోకాళ్లకీ సుఖం."

అతను నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. తవ్వితే అసలు సంగతి బయటపడింది. ఓడ సరుకు దింపుతూండగా క్రేన్ బ్రేకు పట్టు తప్పుతోందని ఇతను కనిపెట్టాడు. జి.ఎం. ఫోన్లో "కానిచ్చీ, ఓడ వెళ్లిపోవాలి" అన్నాడు. ఇతను కానివ్వలేదు. క్రేన్ ఆపేసి, కొత్త బ్రేకు సామాను వచ్చేదాకా ఓడని నిలబెట్టాడు. పదిహేనేళ్ల ఉద్యోగంలో అతను ఒంటరిగా తీసుకున్న పెద్ద నిర్ణయం అదొక్కటే. వ్యాసంలో దాచిపెట్టిందీ అదే. పైగా ఎవరి మాట కాదని ఆపాడో ఆ పెద్దమనిషినే పేరాకొకసారి పొగిడాడు.

శుభలేఖలో పెద్దల పేర్లన్నీ వేసి పెళ్లికొడుకు పేరు ఎక్కడో కింద వేసినట్టు రాస్తారు మనవాళ్లు. ఇది వినయం అని నాకు చెప్పకండి. వినయమైతే క్రేన్ ఎక్కినవాడి ముఖంలో ఆ బెరుకు ఉండదు. 'నేను' అన్న ప్రతివాణ్ణీ పొగరుబోతని ముద్ర వేసి, ఇంక్రిమెంటు కోసి, బదిలీ చేసి, మన ఆఫీసులు నేర్పిన భయం అది. నలభై ఏళ్ల మనిషి కాగితం మీద కూడా పై అధికారి ముందు చేతులు కట్టుకుని నిల్చోవాలి. అలా నిల్చోబెట్టినవాళ్లే సమావేశాల్లో మైకు పట్టుకుని నాయకత్వం గురించి ఉపన్యాసాలిస్తారు.

శ్రీనివాసుని నేనడిగిన ప్రశ్న ఒకటే. "ఆ ఫోను వచ్చినప్పుడు నువ్వెక్కడ నిల్చున్నావు?" మనిషిని ఆ చోట నిలబెట్టగలిగితే వ్యాసం సగం అయినట్టే. "క్రేన్ ఆపమని చెప్పినది నేను" అనే వాక్యం రాయడానికి అతనికి చాలా వారాలు పట్టింది. రాశాడు, కొట్టేశాడు, మళ్లీ రాశాడు. సీటొచ్చింది.

డైరెక్టరు గారి పద్ధతి

మా కన్సల్టెన్సీ యజమాని ప్రవీణ్. నా దగ్గర చదువుకున్నవాళ్ల వయసు. డైరెక్టరు అని పిలిపించుకునేవాడు. మనిషి దుర్మార్గుడు కాడు. పండక్కి నాకు పంచె పెట్టేవాడు, ఒంట్లో బాగులేదంటే కారులో బస్టాండు దాకా దింపేవాడు. అందుకే అతని మీద కోపం తెచ్చుకోవడానికి నాకు ఏళ్లు పట్టింది.

అతని దగ్గర ఒక అచ్చు ఉండేది. వచ్చినవాడు బ్యాంకు మనిషైనా, మందుల కంపెనీ మనిషైనా అదే అచ్చులో పోసేవాడు. "లీడర్‌షిప్, ఇంపాక్ట్, విజన్. ఈ మూడూ పడాలి మాస్టారూ, లేకపోతే వాళ్లు చదవరు" అనేవాడు. నూటికి ఇంత ఆదా అయింది, ఇంత పెరిగింది అని అంకెలు తనే పుట్టించేవాడు. తుఫాను వచ్చిన ఏడు మా ఆఫీసు నుంచి వెళ్లిన వ్యాసాలన్నిటిలోనూ దరఖాస్తుదారు పులిహోర పొట్లాలు పంచాడు. అంతమంది పంచితే తినడానికి విశాఖపట్నం జనం చాలరు.

ఒకసారి నా బల్ల దగ్గరకొచ్చి నిల్చున్నాడు. "మాస్టారూ, మీరు ఇంకా కాలేజీ పేపర్లు దిద్దినట్టు దిద్దుతున్నారు. ఇది మార్కెటింగండి. పెళ్లిచూపులంటే పిల్లని ముస్తాబు చేసి కూర్చోబెడతామా లేదా?"

"ముస్తాబు చేస్తాం బాబూ. పక్కింటి పిల్లని కూర్చోబెట్టం."

పక్క గదిలో టైపు చేసే అమ్మాయిలు కిసుక్కున నవ్వారు. ప్రవీణ్ కూడా నవ్వాడు. "మీతో గెలవలేమండి" అని వెళ్లిపోయాడు. నేను గెలిచాననే అనుకున్నాను.

నూకరత్నం చెప్పిన సంగతి

మా వైపే ఒక పంచదార ఫ్యాక్టరీలో చెరకు ఆఫీసరుగా పనిచేసే నూకరత్నం మా దగ్గరికొచ్చింది. వడ్డాది అవతల చెరకు రైతుల ఇంటి పిల్ల. వ్యవసాయ డిగ్రీ చదివి, ఫీల్డు ఉద్యోగంలో చేరి, ఎండలో తిరిగి పైకొచ్చిన మనిషి. ఫ్యాక్టరీని కొత్త యాజమాన్యం కొనుక్కుంది. మేనేజిమెంటు చదువు ఉన్నవాళ్లనీ, ఈ ఏడు సీటు తెచ్చుకున్నవాళ్లనీ ఉంచుతాం, ఫీజూ మేమే కడతాం, మిగిలిన ఆఫీసర్లకి సీజను ఆఖరున నమస్కారం అని కబురు పెట్టింది. అంటే ఆ సీటు వస్తే ఆవిడ ఉద్యోగం ఉంటుంది, లేకపోతే ఊడుతుంది.

"నాకు ఇంగ్లీషులో రాయడం సరిగా రాదండి మాస్టారూ. సెప్పమంటే సెప్తాను" అంది.

"చెప్పమ్మా. ఎక్కడ దెబ్బ తిన్నావో అది చెప్పు."

చెప్పింది. చెరకు రైతులకి తెలిసిందే గాని, తెలియనివాళ్ల కోసం వివరిస్తాను. ఫ్యాక్టరీ కోత పర్మిట్టు ఇస్తే గాని రైతు చెరకు కొయ్యకూడదు. కోసిన చెరకు వెంటనే ఫ్యాక్టరీకి చేరకపోతే ఎండి తూకం పడిపోతుంది. పర్మిట్లు పూర్వం నుంచీ ఊరి వరసలో ఇస్తారు. ఈ ఊరు అయ్యాక ఆ ఊరు. నూకరత్నం ఒక సీజనులో ఆ వరస మార్చేసింది. పొలం పొలానికీ వెళ్లి, రసం తీపి పరీక్ష చేసి, ఏ తోట ముందు పక్వానికొస్తే దానికి ముందు పర్మిట్టు ఇచ్చింది. చదువు ప్రకారం తప్పులేదు. కానీ కోత ముఠాలు ఒక ఊళ్లో దిగితే పిల్లాజెల్లాతో అక్కడే వండుకుని, అక్కడే పడుకుని, ఆ ఊరు పూర్తిచేశాకే కదులుతాయి. ఈవిడ ఇచ్చిన పర్మిట్లు ఒకటి ఈ ఊళ్లో, ఇంకొకటి నాలుగూళ్ల అవతల. ముఠాలు రామన్నాయి. చుట్టాలని పిలుచుకుని కోసుకున్నవాళ్లకి ట్రాక్టరు నిండక ఫ్యాక్టరీకి కదల్లేదు. చెరకు రోడ్ల పక్కన ఎండిపోయింది.

"మా సినాన్నది కూడా ఎండిపోయిందండి. ట్రాక్టరుతో సహా తెచ్చి మా ఇంటి ముందు నిలబెట్టేసేడు. 'ఇదిగోనే నీ పండిన సెరకు. నువ్వే నవులుకో' అన్నాడు. వీధంతా సూస్తన్నారు."

"నువ్వేమన్నావు?"

"ఏటంటానండి? లోపలికెళ్లి మంచినీళ్లు తెచ్చిచ్చేను. తాగేడు. తాగి మళ్లీ తిట్టేడు."

సీజను మధ్యలోనే ఆవిడ ఆ వరస రద్దు చేసింది. నష్టపోయిన రైతుల ఇళ్లకెళ్లి, తప్పు ఫ్యాక్టరీది కాదు, నాదే అని చెప్పి మళ్లీ తిట్లు తింది. మరుసటి ఏడు ఊరి వరస అలాగే ఉంచి, ఒక ఊరిలోపల మాత్రం ముందు పండిన తోట ముందు కోయించింది. అది నిలబడింది. "అయినా మా సినాన్న పెళ్లిళ్లలో ఇప్పటికీ నా పక్కన కూర్చోడండి" అంది.

"ఇదే రాయమ్మా."

"తిట్లు తిన్నానని రాస్తే సీటిస్తారేటండి?"

"తిన్నందుకు ఇవ్వరు. ఎందుకు తిన్నావో నీకు తెలుసు కాబట్టి ఇస్తారు."

ముందు తెలుగులో రాయించాను. తరవాత తనే తన ఇంగ్లీషులో రాసింది. క్రియలు సరిచేసి, ఎక్కువైనవి కొట్టేయడం వరకే నా పని. "నేను చెరకుని పరీక్షించాను గాని కోసేవాళ్లని అడగలేదు" అనే అర్థం వచ్చేలా ఆవిడ రాసిన వాక్యం, ఆ ఆఫీసులో నేను చదివినవాటిలో మొదటి వరసలో పెట్టదగ్గది. అందులో పెద్ద మాట ఒక్కటీ లేదు.

ప్రవీణ్ చదివి మొహం చిట్లించాడు. "ఇదేటి మాస్టారూ, సీటు అడుగుతోందా, క్షమాపణ అడుగుతోందా?"

"నిజం చెబుతోంది."

"పేరొకటి. నూకరత్నం. ఇంటర్వ్యూలో రత్న అని చెప్పుకోమనండి."

"వాళ్ల ఇలవేల్పు పేరు కలిపి తల్లిదండ్రులు పెట్టుకున్న పేరది. నువ్వూ నేనూ కొయ్యడానికి లేదు."

"సరే, మీ ఇష్టం" అన్నాడు.

శాలువా

మా ఆఫీసులో ఒక ఆనవాయితీ ఉండేది. దరఖాస్తు పెట్టేవాళ్లంతా కాలేజీ వెబ్‌సైటులో తమ పాస్‌వర్డు మాకు ఇచ్చేసి వెళ్లేవారు. ఫోటో సైజు, మార్కుల జాబితా వగైరా గొడవలన్నీ ఆఫీసే చూసుకుని పంపించేది. డాక్టరు దగ్గర చెయ్యి చాపినట్టు అందరూ ఇచ్చేవారు. నూకరత్నమూ ఇచ్చింది.

ఇంటర్వ్యూ అయిన మర్నాడు ఆవిడ చోడవరం వచ్చి మా ఇంటి గుమ్మంలో నిల్చుంది. కూర్చోమంటే కూర్చోలేదు.

"వాళ్లు మొదటే అడిగేరండి, మీ యాప్ ఎలా పనిచేస్తాది అని. ఏ యాప్ అండి అన్నాను. కాగితం నా వైపు తిప్పేరు. సూస్తే పైన నా పేరుంది. కిందున్నది ఎవరిదో నాకు తెలీదు."

ఆ కాగితంలో ఈవిడ చెరకు కోతకి మొబైల్ యాప్ తయారుచేసింది. ఎండిన చెరకు లేదు, ముఠాలు లేవు, చిన్నాన్న లేడు. నష్టం సగానికి సగం తగ్గిపోయింది. ఆఖర్న రైతులంతా కలిసి ఈవిడకి శాలువా కప్పి సన్మానం చేశారు. ప్రవీణ్ నా వెనకాల తన అచ్చులో పోసి పంపేశాడు.

"నువ్వేమన్నావమ్మా?"

"ఇది నేను రాయలేదన్నాను. నాకెవరూ శాలువా కప్పలేదు, తిట్టేరు అన్నాను. అందులో ఒకాయన నవ్వేడండి. పక్కనున్న మేడమ్ నవ్వలేదు. ఇది మీ సొంత రాత అని కింద ఒప్పుకున్నారు కదా, ఇంక మేం చేయగలిగింది లేదు అంది." అప్పుడు నా వైపు చూసి, "మీకు తెలీదా మాస్టారూ?" అని అడిగింది.

తెలియదని చెప్పాను. నమ్మిందో లేదో ఆవిడ ముఖంలో నాకు కనబడలేదు. సీజను ఆఖరున ఆవిడ ఉద్యోగం పోయింది.

నేను మర్నాటి మొదటి బస్సుకి వెళ్లి ప్రవీణ్‌ని అడిగాను. తప్పించుకుంటాడనుకున్నాను. తప్పించుకోలేదు, ఎదురు తిరిగాడు. "ఆవిడ రెండు ముక్కలు చెప్పలేకపోయింది మాస్టారూ. యాప్ ఇలా పనిచేస్తుందండీ అంటే అయిపోయేది కదా. ఇందులో నా తప్పేటుంది?"

అప్పుడే కుర్చీ మీద వేసుకున్న నా తువ్వాలు తీసుకుని, ఉద్యోగం మానేసి వచ్చేశాను. మనిషి చేత అబద్ధం చెప్పించలేకపోయినందుకు ఆ మనిషినే తప్పుపట్టాడు. ఈ వృత్తిలో దొంగతనం కంటే నాకు ఎక్కువ ఒళ్లు మండేది ఈ మాటే. ఆవిడ జీవితంలో ఎంతో బాధపడి నేర్చుకున్నదాన్ని వాడు కాగితం మీంచి తుడిచేశాడు. దాని బదులు ఎవరికీ పనికిరాని ఒక శాలువా పెట్టాడు. పైగా మేలు చేశాననే నమ్మాడు.

ఈ పనికొచ్చే పిల్లలకి

పాస్‌వర్డు అడగొద్దు. ఇచ్చినా పుచ్చుకోవద్దు. పంపించే బటను రాసినవాళ్ల వేలే నొక్కాలి, నొక్కేముందు చివరిసారి వాళ్లే చదవాలి. మీ యజమాని దీనికి ఒప్పుకోకపోతే ఆ ఉద్యోగంలో చేరకండి. చేరాక తెలిస్తే మానేయండి. ఇల్లు గడవాలి మాస్టారూ అంటారని తెలుసు. ఎదుటివాళ్లకీ ఇల్లుంది.

ఒక్క వాక్యం కూడా మీరు రాసిపెట్టకండి. ఎంత చిన్నదైనా సరే. వాక్యం చెడ్డగా ఉంటే ఎందుకు చెడ్డగా ఉందో చెప్పి వాళ్ల చేతే మళ్లీ రాయించండి. ఇంటర్వ్యూలో ఆ వాక్యం మీద ప్రశ్న పడితే పక్కన మీరుండరు.

ఇప్పుడు కంప్యూటరే వ్యాసం రాసేస్తోందని, ఇంక మీలాంటివాళ్లతో పనేముందని ఒక కుర్రాడు నాతో వెటకారమాడాడు. తను రాయించినది ఫోనులో చూపించాడు. చదివాను. ప్రవీణ్ పద్ధతే, కాకపోతే జీతం అక్కర్లేదు. ఎవరి జీవితమైనా అదే నునుపు, అదే ముగింపు. "ఇందులో నీ ఊరెక్కడుంది?" అన్నాను. "అడిగితే పెడుతుందండి" అన్నాడు. నీ ఊరు నీకు గుర్తుండదు గాని దానికి గుర్తుంటుందా అని కసిరి పంపేశాను.

దరఖాస్తు పెట్టేవాళ్లకీ ఒక మాట చెబుతాను. కన్సల్టెన్సీ మోసం చేసిందని తరవాత ఏడుస్తారు. మీ పుట్టుక, మీ జి.ఎం., మీ పులిహోర పొట్లాలు వెంటబెట్టుకుని వచ్చి, మా తరఫున మీరే బతికేయండి అని మా బల్ల మీద పడేసేది మీరే. నూకరత్నం అలా రాలేదు. ఆవిడకి జరిగింది అన్యాయం. మీలో చాలామందికి జరిగేది బేరం.

మరుసటి ఏడు

నూకరత్నం ఒక విత్తనాల కంపెనీలో చిన్న ఉద్యోగానికి కుదిరింది. అక్కడ పై మెట్టు ఎక్కాలన్నా ఈ చదువే కావాలి. మరుసటి ఏడు అదే కాలేజీకి మళ్లీ పెట్టుకుంటోందని తెలిసి కబురు పంపాను. వచ్చింది. ఈసారి కూర్చుంది, కాఫీ తాగింది. నేను కళ్లజోడు పెట్టుకుని చెయ్యి చాపాను.

"ఏదమ్మా, ఇలా ఇయ్యి."

"సూపించడానికి రాలేదండి. పంపించేసేను, ఆ సంగతి సెప్పడానికొచ్చేను."

"ఒక్కసారి నేను చూసి ఉంటే—"

"మీరు మంచోరేనండి మాస్టారూ. కానీ మీ సెయ్యి పడ్డాక అందులో ఎంత నాదో నాకే తెలీకుండా పోతాది. అడిగితే మళ్లీ నేనే కదా సెప్పుకోవాలి."

నాకు చురుక్కుమంది. ఇన్నేళ్లు ఈ పని చేసినవాణ్ణి, ప్రవీణ్‌తో కలిపి నన్నూ ఒకే గాటన కట్టేసిందే అనిపించింది. ఆవిడ వెళ్లాక కూడా చాలాసేపు ఒంటరిగా గొణుక్కున్నాను. ఆ రాత్రి డైరీలో ఆవిడ మీద రెండు కటువైన మాటలు కూడా రాశాను. ఇప్పుడు చూస్తే కొట్టేయాలనిపిస్తుంది గాని, డైరీలో కొట్టేసే అలవాటు లేదు.

ఇంటర్వ్యూ అయ్యాక కొన్నాళ్లకి ఫోను చేసింది. సీటొచ్చిందని ముందే చెప్పేసింది. ఏం రాశావమ్మా అంటే చెప్పలేదు. సరే, ఏం అడిగారో అదైనా చెప్పమన్నాను.

"పోయినేడు కూర్చున్న మేడమే ఉందండి. నన్ను గుర్తుపట్టింది. 'పోయినేడు వచ్చింది మీరేనా?' అని అడిగింది."

"నువ్వేమన్నావు?"

"'అప్పుడొచ్చింది కూడా నేనేనండి, కాగితమే వేరేవాళ్లది' అన్నాను."